1633 అడుగులు ఎప్పటికి?

జూన్ ఆఖర్లో మలెనాడులో వానలు పట్టాయంటే చాలు, మన ఇళ్లల్లో ఒక అంకె తిరగడం మొదలవుతుంది: 1633. తుంగభద్ర డ్యామ్ నిండు మట్టం అది, అడుగుల్లో. ఇక్కడి కన్నడ పత్రికలు రోజూ డ్యామ్ మట్టం, ఒళహరివు, హొరహరివు అని మూడు అంకెలు వేస్తాయి. కన్నడ మీడియంలో చదివిన మా తరానికి ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో కంటే ఈ మాటలే ముందు నోటికొస్తాయి. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా "ఈరోజు ఒళహరివు ఎంత?" అనే అడుగుతాం.

అయితే మనకి నిజంగా కావాల్సింది ఆ మూడు అంకెల్లో ఎక్కడా ఉండదు. నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో పేపర్లో ఉంటుంది. ఫలానా ఎత్తుకి ఏ రోజుకి వస్తాయో ఉండదు. వరి నారు పోశాక నెల తిరిగేలోపు నాటు పడాలి. కాలువ నీళ్లు పది రోజులు వెనకబడితే నారు ముదిరిపోతుంది. మరీ ముందే వస్తాయనుకుని తొందరపడితే విత్తనాల ఖర్చు రెండోసారి పడుతుంది. కాబట్టి ఎత్తు చూసి తేదీ చెప్పగలగాలి.

ఈ లెక్క డ్యామ్‌తో పుట్టింది కాదు. మన పెద్దవాళ్లు వదిలి వచ్చిన సముద్రపు ఒడ్డున ఎప్పట్నుంచో ఉన్నదే. అక్కడి పోటు లెక్క ఇక్కడి డ్యామ్ లెక్క దాకా ఎలా వచ్చింది, ఇవాళ దాన్ని స్ప్రెడ్‌షీట్‌లో ఎలా వేసుకోవచ్చు, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్నది ఈసారి రాసి పెడుతున్నాం.

పోటు లెక్క

1950లు, 60లలో కృష్ణా, గోదావరి, గుంటూరు వైపు నుంచి ఎన్నో కుటుంబాలు ఇక్కడికొచ్చి భూములు కొనుక్కున్నాయి. వాళ్లు నిలబెట్టిన ఊళ్లని ఇవాళ్టికీ "క్యాంపు" అనే పిలుస్తారు. డెల్టా చివరి ఊళ్ల వాళ్లకి ఆటుపోట్లు కొత్త కాదు. పోటు మీద మురుగుకాలవల్లో నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి, ఆటుకి మళ్లీ దిగుతాయి. బందరు రేవులో ఒడ్డు దగ్గర లోతు తక్కువ. పెద్ద ఓడలు మైళ్ల దూరంలోనే లంగరు వేసేవి, సరుకు పడవల మీద ఒడ్డుకి చేరేది. ఇసుకమేట మీదుగా పడవ దాటాలంటే అక్కడ నీళ్లు కొంత ఎత్తుకి రావాలి. అంటే పడవ నడిపేవాడు అడిగే ప్రశ్న కూడా ఇదే: ఆ ఎత్తుకి ఎన్ని గంటలకి వస్తాయి?

మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. పున్నమికి, అమావాస్యకి పోటు పెద్దది, అష్టమి దగ్గర చిన్నది. ఇవాళ్టి పోటు వేళ కంటే రేపటిది సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఘడియ అంటే 24 నిమిషాలు కాబట్టి, రోజుకి రెండు ఘడియలు వెనక్కి అనుకుంటే సరిపోతుంది. చేతిలో పంచాంగం ఉండి, ఆ రేవులో ఒక తిథి నాటి పోటు వేళ తెలిసి ఉంటే, మిగతా తిథుల వేళలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కానీ ఇది పోటు పూర్తిగా ఎక్కే వేళ మాత్రమే. సగంలో ఉన్నప్పుడు ఎత్తు ఎంతన్నది వేరే లెక్క. నీళ్లు ఆటు నుంచి పోటుకి ఒకే వేగంతో ఎక్కవు. మొదట మెల్లగా కదులుతాయి, నడుమ జోరందుకుంటాయి, చివర మళ్లీ మెల్లబడతాయి. నావికులు దీనికి ఒక నోటి లెక్క పెట్టుకున్నారు. ఆటు నుంచి పోటుకి సుమారు ఆరు గంటలు. మొత్తం ఎక్కే ఎత్తుని పన్నెండు వంతులు చేస్తే, మొదటి గంటలో 1 వంతు, రెండో గంటలో 2, మూడో గంటలో 3, నాలుగో గంటలో 3, అయిదో గంటలో 2, ఆరో గంటలో 1.

ఒక ఉదాహరణ చూద్దాం, అంకెలు మేం అనుకున్నవే. ఉదయం 6 గంటలకి ఆటు, అప్పుడు ఎత్తు 0.3 మీటర్లు. మధ్యాహ్నం 12కి పోటు, ఎత్తు 1.5 మీటర్లు. మొత్తం 1.2 మీటర్లు ఎక్కాలి, ఒక్కో వంతు 0.1 మీటరు. పడవ దాటడానికి 1.2 మీటర్ల ఎత్తు కావాలి. అంటే 9 వంతులు ఎక్కాలి. 1, 2, 3, 3 కలిపితే 9, నాలుగు గంటలు. పది గంటలకి పడవ వదలొచ్చు. అదే నీళ్లు ఒకే వేగంతో ఎక్కుతాయనుకుని సరళరేఖ గీస్తే పదిన్నర వస్తుంది. అరగంట తేడా.

గడియారం, మర, సముద్ర మట్టం

చంద్రుడు, సూర్యుడు, వాళ్ల దూరాలు, వంపులు అన్నీ కలిసి పోటుని మార్చేస్తుంటాయి. ఒక్కో కారణానికి ఒక్కో అల అనుకుని, ఆ అలలన్నిటినీ కూడితే ఏడాది మొత్తానికి పోటు వేళలు ముందే చెప్పొచ్చు. ఆ కూడిక చేతితో చేస్తే తెమిలేది కాదు. అందుకే విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అని పేరు తెచ్చుకున్నాయన, 1870ల మొదట్లో గిలకలు, చక్రాలతో ఒక యంత్రం చేయించాడు. ఒక్కో చక్రం ఒక్కో అల. అన్నిటి మీదుగా వెళ్లే తీగ చివర ఉన్న కలం మొత్తాన్ని కాగితం మీద గీస్తుంది. 1879లో ఇలాంటిదే ఒకటి ఇండియా రేవుల కోసం ప్రత్యేకంగా లండన్‌లో తయారైంది. ఎడ్వర్డ్ రాబర్ట్స్ దాని మీద మన రేవుల పోటు పట్టికలు తయారు చేసేవాడు.

యంత్రానికి ముందు కొలతలు కావాలి కదా. ఆ పని సర్వే ఆఫ్ ఇండియా చేసింది. రేవుల్లో తేలే గేజీలు పెట్టి, రాత్రింబగళ్లు సముద్రం ఎత్తు గీయించింది. ఎక్కడం, దిగడం అన్నీ కలిపి సరాసరి తీస్తే వచ్చేదే సముద్ర మట్టం. కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఫాల్స్ పాయింట్, ఈ తొమ్మిది చోట్ల సరాసరి మట్టాలని ఆధారం చేసుకుని 1909 నాటికి దేశమంతా ఎత్తుల వల కట్టారు. రైల్వే స్టేషన్ బోర్డు మీద "సముద్ర మట్టానికి ఇన్ని మీటర్లు" అని రాసి ఉంటుందే, ఆ లెక్క ఇదే.

మన 1633 కూడా అదే. డ్యామ్ పునాది నుంచి కొలిచింది కాదు, సముద్ర మట్టం నుంచి కొలిచింది. సముద్రం మొహం చూడని బళ్లారి పిల్లలు రోజూ పలికే అంకెలో విశాఖ రేవు పోటు కూడా కలిసి ఉందన్నమాట.

సరిహద్దు మీద నిలిచిన నీళ్లు

తుంగభద్ర మీద పెద్ద జలాశయం కట్టాలన్న ఆలోచన 1860లో సర్ ఆర్థర్ కాటన్‌ది. గోదావరికి, కృష్ణకి ఆనకట్టలు వేయించిన మనిషికి, బళ్లారి సీమ ఎండలు చూశాక ఆ ఆలోచన రావడంలో వింత లేదు. తర్వాత 1876-78 కరువు ఈ సీమని ఊడ్చేసింది. అయినా డ్యామ్‌కి ఇంకా డెబ్బై ఏళ్లు పట్టింది. అటు ఒడ్డు నిజాం రాజ్యం, ఇటు ఒడ్డు మద్రాసు రాష్ట్రం. నీళ్ల మీద ఇద్దరికీ పొత్తు కుదరలేదు. చివరికి 1944లో ఒప్పందం అయ్యింది, 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. మద్రాసు వైపు పనికి చీఫ్ ఇంజనీర్ తిరుమల అయ్యంగార్. సున్నం, సుర్కీ గారతో రాతి కట్టడంగా లేచిన డ్యామ్ 1953కి నీళ్లు పట్టింది.

అదే 1953లో ఈ జిల్లా కూడా ముక్కలయ్యింది. అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లాయి. బళ్లారి తాలూకా ఎవరికన్న వాదన మీద జస్టిస్ మిశ్రాని వేశారు, ఆయన నివేదిక తర్వాత అది మైసూరుకి వచ్చింది. బళ్లారిలో తెలుగు కుటుంబాలు ఇల్లు కదలకుండానే వేరే రాష్ట్రం వాళ్లయ్యారు. ఆ తర్వాత క్యాంపుల్లోకి వచ్చినవాళ్లు కావాలనే సరిహద్దు దాటి వచ్చారు. 2021లో హొసపేటె విజయనగర జిల్లాలోకి పోయింది కాబట్టి, ఇప్పుడు డ్యామ్ బళ్లారి జిల్లాలో కూడా లేదు.

ఇన్ని గీతలు గీసినా నీళ్ల మట్టం మాత్రం అందరికీ ఒక్కటే. ఎడమ కాలువ కొప్పళ, రాయచూరు వైపు, కుడి ఒడ్డున ఎగువ కాలువ అనంతపురం దాకా, దిగువ కాలువ ఆదోని, కర్నూలు వైపు. కుడి ఒడ్డు పంపకాన్ని 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టం కింద ఏర్పడిన తుంగభద్ర బోర్డు చూస్తుంది. కర్ణాటక వైపు కాలువలకి నీళ్లు ఎప్పుడు వదలాలో మునిరాబాద్‌లో కూర్చునే సలహా సమితి చెబుతుంది. నారు పోసుకోవాలా ఆగాలా అన్నది మాత్రం ఏ సమితీ చెప్పదు. అది ఇంట్లో తేల్చుకోవాల్సిందే.

స్ప్రెడ్‌షీట్‌లో ఎలా

1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు విజికాల్క్ అనే ప్రోగ్రాం తెచ్చారు. గళ్లలో అంకె మారిస్తే మిగతా గళ్లన్నీ వాటంతట అవే మారడం అప్పుడు మొదలైంది. ఇండియా పోటు యంత్రం వచ్చిన సరిగ్గా నూరేళ్లకి. రాబర్ట్స్ గిలకలతో చేసిన పని ఇప్పుడు మన ఫోన్‌లో అయిపోతుంది.

పోటుకి సూత్రం ఇది. కావాల్సిన ఎత్తుని రెండుతో గుణించి, మొదటి ఎత్తు, చివరి ఎత్తు రెండూ తీసేయండి. వచ్చినదాన్ని మొదటి ఎత్తులో చివరి ఎత్తు తీసేసిన అంకెతో భాగించండి. దానికి ఆర్క్ కొసైన్ ఫంక్షన్ వేసి, పై విలువతో భాగించండి. వచ్చేది సున్నాకి, ఒకటికి మధ్య ఉంటుంది. ఆటు నుంచి పోటుకి పట్టే సమయంలో అది ఎంత భాగమో అంత గడిచిందన్నమాట. పైన చెప్పిన ఉదాహరణకి వేసి చూడండి: 2.4 లోంచి 1.8 పోతే 0.6, దాన్ని మైనస్ 1.2 తో భాగిస్తే మైనస్ 0.5, చివరికి మూడింట రెండు వంతులు. ఆరు గంటల్లో నాలుగు. పది గంటలు. పన్నెండు వంతుల నోటి లెక్క కూడా అదే చెప్పింది కదా.

డ్యామ్‌కి ఈ సూత్రం పనికిరాదు. సముద్రానికి వెనక్కి తగ్గే వేళ ఉంది, డ్యామ్‌కి అది లేదు. డ్యామ్‌లో ఎత్తు మెల్లబడే కారణం వేరు. జలాశయం పళ్లెంలా పైకి వెడల్పవుతుంది. నిండు మట్టంలో దాని విస్తీర్ణం 378 చదరపు కిలోమీటర్లు. అంటే పై అంచులో ఒక్క అడుగు ఎక్కడానికి సుమారు 4 టీఎంసీలు కావాలి. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. కింద అదే అడుగుకి ఇంతకంటే చాలా తక్కువ పడుతుంది.

అందుకని ఎత్తుతో నేరుగా లెక్క వేయకూడదు. ముందు ఎత్తుని నీళ్ల పరిమాణంగా మార్చాలి. దీనికి మట్టం, టీఎంసీ పట్టిక ఒక షీట్‌లో పెట్టుకోవాలి. తర్వాత ఒళహరివులోంచి హొరహరివు తీసేయాలి. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. మిగిలిన క్యూసెక్కుల్ని ఆ అంకెతో భాగిస్తే రోజుకి ఎన్ని టీఎంసీలో వస్తుంది. ఇంకా కావాల్సిన టీఎంసీల్ని దాంతో భాగిస్తే రోజులు వస్తాయి.

డ్యామ్‌లో 80 టీఎంసీలు ఉన్నాయనుకుందాం. నిండితే 105.788. ఇంకా సుమారు 25.8 రావాలి. లోపలికి 60,000, బయటికి 10,000 క్యూసెక్కులు అయితే నికరం 50,000, రోజుకి 4.32 టీఎంసీ. ఆరు రోజులు. ఇప్పుడు ఎత్తు మాత్రమే చూసే మనిషి ఏం చేస్తాడు? కింద అడుగుకి రెండున్నర టీఎంసీ పట్టిన రోజుల్లో మట్టం రోజుకి 1.7 అడుగులు ఎక్కడం చూశాడు. ఇంకా ఏడడుగులే కదా, నాలుగు రోజులు చాలంటాడు. రెండు రోజులు తప్పాడు. వరద తగ్గుముఖం పట్టే రోజుల్లో అయితే ఈ తేడా వారానికి పోతుంది.

మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరు సూత్రం ఇచ్చినా ముందు అంచుల దగ్గర పరీక్షిస్తాం. మీరూ ఇలా చేసి చూడండి. కావాల్సిన ఎత్తు గడిలో ఆటు ఎత్తే ఇస్తే ఆటు వేళ రావాలి, పోటు ఎత్తు ఇస్తే పోటు వేళ రావాలి. పోటు కంటే ఎక్కువ ఎత్తు ఇస్తే ఎర్రర్ రావాలి. ఆ ఎర్రర్‌ని చాలామంది షీట్ అందంగా ఉండాలని ఖాళీ గడిగా మార్చేస్తారు. అలా చేయకండి. "ఈ పోటుకి నీళ్లు అంత ఎత్తు రావు" అన్నది అన్నిటికంటే ముఖ్యమైన జవాబు. డ్యామ్ షీట్‌లో కూడా అంతే. నికరం సున్నా అయినా, మైనస్ అయినా రోజుల గడిలో తేదీ కనిపించకూడదు. "ఈ లెక్కన నిండదు" అని కనిపించాలి.

ఒక తేదీ కాదు, మూడు తేదీలు తీయడం కూడా మంచిది: ఒళహరివు ఇలాగే ఉంటే, సగమైతే, పావైతే. నారు పోయడం ఆ మూడిట్లో ఆఖరి తేదీని చూసి తేల్చుకుంటే నష్టం తక్కువ.

గేటు పోయిన ఆగస్టు

ఈ లెక్క తలకిందులుగా వేయాల్సిన రోజు 2024లో వచ్చింది. ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. అప్పటికి డ్యామ్ నిండుగా ఉంది. డ్యామ్‌కి మొత్తం 33 గేట్లు, ఒక్కోటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. గేటు గడప 1613 అడుగుల దగ్గర ఉంటుంది. అందరి నోటా అప్పుడు 1633 పోయి 1613 వచ్చింది. నీళ్లు గడప దాకా దిగాలంటే ఎన్ని రోజులు, ఈలోపు ఎన్ని నీళ్లు పోతాయి అన్నదే మాట. 60 టీఎంసీల దాకా వదలాల్సి వస్తుందన్నారు. లక్ష క్యూసెక్కులు నికరంగా బయటికి పోతే రోజుకి 8.64 టీఎంసీ, అంటే ఏడు రోజులు.

కానీ దిగడం కూడా ఒకే వేగంతో జరగదు. గడప మీదుగా పారే నీళ్ల లోతు తగ్గేకొద్దీ పారుదల అంతకంటే వేగంగా పడిపోతుంది. లోతు 20 అడుగుల నుంచి 5 అడుగులకి, అంటే నాలుగో వంతుకి తగ్గితే, పారుదల ఎనిమిదో వంతుకి తగ్గుతుంది. గడప తేలేదాకా ఎదురుచూడటం అంటే ఆఖరి అడుగుల కోసం రోజులకి రోజులు కూర్చోవడమే. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి సలహాతో, నీళ్లు పారుతుండగానే ఆగస్టు 16, 17 తేదీల్లో స్టాప్‌లాగ్ ముక్కలు ఒకదాని మీద ఒకటి దించి ఆ ఖాళీ మూశారు. తర్వాత వానలు కూడా కలిసొచ్చి డ్యామ్ మళ్లీ నిండింది. ఆ వారంలో సరిహద్దుకి రెండు వైపులా రైతులు పంట మీద ఆశ వదులుకుని, మళ్లీ పట్టుకున్నారు.

2025లో గేట్లు మార్చే పని ముందుండటంతో నిల్వని 80 టీఎంసీల దగ్గరే ఆపేశారు. అంటే ఆ ఏడాది 1633 అన్నది రావాల్సిన మట్టమే కాదు. సూత్రంలో 1633 అని నేరుగా రాసేసుకున్న షీట్‌లన్నీ రాని రోజుకి తేదీ చూపించి ఉంటాయి. అందుకే చేరాల్సిన మట్టానికి విడిగా ఒక గడి పెట్టండి, ఏటేటా దాన్ని చూసి మార్చండి.

పట్టిక కూడా పాతబడుతుంది. 1953లో ఈ డ్యామ్ సుమారు 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు 105.788 అయ్యింది. అంటే 1633 అంకె మారలేదు, దాని కింద ఉన్న నీళ్లు 27 టీఎంసీలు తగ్గాయి. తాతల కాలంలో "డ్యామ్ నిండింది, రెండో పంటకి ఢోకా లేదు" అన్న మాట ఇవాళ్టికి అంతే బరువున్న మాట కాదు.

మీ ఇంట్లో పాత డైరీల్లో, ఖాతా పుస్తకాల వెనక డ్యామ్ మట్టాలు రాసి పెట్టినవి ఉంటే పారేయకండి. పక్కన ఆ ఏడు కాలువ ఎప్పుడు వదిలారో, నాటు ఎప్పుడు పడిందో కూడా రాసి ఉంటే ఇంకా మంచిది. ఫోన్‌తో ఫోటో తీసి, తేదీ, మట్టం, కాలువ వదిలిన రోజు అని మూడు వరసల్లో ఎక్కించండి. ఏ ఏడుకి ఏ పట్టిక వాడాలో పక్కనే రాయండి. వచ్చే జూన్‌లో ఒళహరివు మొదలయ్యేలోపు ఇది అయిపోతే, నారు మాట వచ్చినప్పుడు ఇంట్లో చేతిలో ఒక లెక్క ఉంటుంది.